పలకని నంబరు

బ్యాగు అటక మీంచి దించింది పిచ్చుకే. దుమ్మైనా దులపకుండా మంచం మీద పడేసి, జిప్పు అటూ ఇటూ లాగి చూసింది. తన బ్యాగు జిప్పు ముందురోజే ఊడిపోయింది. ఇంట్లో ఇంకో బ్యాగంటూ ఉన్నది ఇదే. నీలం రంగుది, పక్కన చిన్న అర, ఒక పట్టీ సగం తెగి వేలాడుతోంది. వాళ్ళమ్మను ఆస్పత్రిలో చేర్చినప్పుడు బట్టలు సర్దింది అందులోనే. బ్యాగు తిరిగొచ్చింది, అప్పటి నుంచి అటక మీదే ఉంది.

"అది వద్దే," అన్నాను.

"ఎందుకొద్దు? చిల్లు లేదు, చెద లేదు."

"గుడ్డ సంచి ఇస్తాను, అందులో పెట్టుకో."

"గుడ్డ సంచిలో లాప్‌టాప్ వేసుకుని వెళ్తే గేటు దగ్గర నన్ను కూరగాయలమ్మే దాన్ననుకుంటారత్తా. కిలో ఎంత అని అడుగుతారు."

పిచ్చుక నా తమ్ముడి కూతురు. దానికి అసలు పేరు ఒకటుంది గాని, మాటలు వచ్చిన రోజు నుంచి నోరు మూయలేదు కాబట్టి ఆ పేరు ఎవరికీ గుర్తులేదు. దాని తండ్రి సరిగ్గా దీనికి తిరగేసిన మనిషి. పుస్తకాలు బైండింగ్ చేస్తాడు. ఇంటి ముందుగదే అతని దుకాణం. కాగితాల కట్టలు, అట్టలు, జిగురు డబ్బా, మైనం పట్టించిన దారం, వాటి మధ్య తలొంచుకుని నా తమ్ముడు. వీధిలో వాళ్ళు అతనికి సైలెన్సర్ అని పేరు పెట్టారు. ఆ మాట అన్నా అతను పలకడు.

నేను బడికి పోలేదు. నాకు చదువు ఆ ముందుగదిలోనే వచ్చింది, అచ్చయిన ఫారాలు, అంటే ఇంకా కుట్టని పుస్తకం పేజీలు, మడత పెడుతూ పెడుతూ. అందువల్ల నేను చదివిన పుస్తకాల్లో చాలావాటికి మొదలు తెలియదు. కొన్నిటికి చివర తెలియదు. మధ్య ఫారం చదువుతుండగానే ఎవరో వచ్చి కట్ట పట్టుకుపోయేవారు, ఆ మనుషులు ఏమయ్యారోనని నాలుగు రోజులు బెంగ పడేదాన్ని. ఎవరు గడప దాటుతున్నా నాకు ఆ బెంగే.

తమ్ముడు గుమ్మంలోకి వచ్చి బ్యాగును చూశాడు. కూతుర్ని చూశాడు. మళ్ళీ బ్యాగును చూశాడు.

"మూడ్రోజులే నాన్నా," అంది పిచ్చుక. "కోల్డ్‌ స్టోరేజీలో పని. పాత నెట్‌వర్క్ తీగలు పీకి కొత్తవి వెయ్యడమే. వచ్చేస్తా."

అతను వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

"అయిపోయింది," అంది నాతో. "షట్టర్ దించేశారు. ఇంక నేను ఎంత తలుపు కొట్టినా ఇంతే."

"కంచం ముందర నేను అడుగుతాలే."

అది మా ఇంట్లో పాత పద్ధతి. తమ్ముడు చిన్నప్పటి నుంచీ అలుగుతాడు. అలిగితే పిలిచినా పలకడు, ఉన్నావా అన్నా పలకడు, పక్కనే కూర్చుని చెవిలో అరిచినా పలకడు. అమ్మ పోయాక అతన్ని పెంచింది నేనే కాబట్టి, ఒక ఉపాయం కనిపెట్టాను. కంచాలన్నీ వరసగా పెట్టి, ఒకటి ఎత్తి పట్టుకుని, "ఇది ఎవరిది?" అని ఇల్లంతా వినపడేలా అడుగుతాను. నాది అనాలి. అనకపోతే ఆ కంచం తీసేస్తాను, భోజనం లేదు. ఎంత అలకలో ఉన్నా ఆ ఒక్క మాట అని తీరాల్సిందే. అన్నాడంటే మళ్ళీ అలకేమీ తగ్గినట్టు కాదు. మనిషి ఉన్నాడని తెలుస్తుంది, అంతే.

ఆ పూట కూడా అలాగే అడిగాను. "నాది," అన్నాడు గోడను చూస్తూ. పిచ్చుక నవ్వు ఆపుకోలేక నీళ్ళ గ్లాసు వెనక మొహం దాచుకుంది.

బట్టలు, స్వెట్టరు, చలి టోపీ, లాప్‌టాప్, తీగల చుట్ట. అన్నీ సర్దాక నేను స్టీలు డబ్బా మూత తెచ్చి పక్క అరలో పెట్టాను. డబ్బా కాదు, మూత ఒక్కటే.

"ఇదెందుకత్తా?"

"ఉండనీ. డబ్బా ఇక్కడే ఉంటుంది. మూత తేవాలి కదా నువ్వు."

"తీసుకెళ్ళి ఏం చేసుకోను? ఎండొస్తే నెత్తిన పెట్టుకోనా?"

"పెట్టుకో."

"నీకు పిచ్చి ముదిరింది," అంది గాని, మూత తీసెయ్యలేదు.

బ్యాగు భుజాన వేసుకోబోతే తెగిన పట్టీ జారింది. ముందుగదిలోంచి తమ్ముడు వచ్చి, మాటా పలుకూ లేకుండా బ్యాగు లాక్కుని వెళ్ళాడు. అట్టలు కుట్టే పెద్ద సూదితో, మైనపు దారంతో, పట్టీ మీద అడ్డంగా నిలువుగా కుట్టాడు. ముడి పళ్ళతో కొరికి తెంపాడు. తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళి మళ్ళీ కూర్చున్నాడు.

"వెళ్ళొస్తా నాన్నా," అంది పిచ్చుక. కొంచెంసేపు నిలబడింది. కాగితం కత్తిరించే చప్పుడు వచ్చింది. అది బస్సు కోసం వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఫోన్ చేసింది. నేను స్పీకర్ పెట్టి ఫోన్ తీసుకెళ్ళి తమ్ముడి పనిబల్ల మీద, జిగురు డబ్బా పక్కన పెట్టాను. అతను తల ఎత్తలేదు. చేతిలో సూది మాత్రం ఆగింది.

"తిన్నావా? చలిగా ఉందా? ఎక్కడ పడుకుంటావు?"

"ఒక్కొక్కటీ అడుగత్తా, ఊపిరి తీసుకో. తిన్నా. చలి లోపల గదుల్లో, బయట ఉడికిపోతున్నాం. గెస్ట్‌ రూములో నేనూ ప్యాకింగ్ చేసే ఆవిడా ఉన్నాం. ఆవిడ గురక బస్సంత."

"పనేం చేశావు?"

"హాజరు తీసుకున్నా."

"ఎవరిది?"

"ఇక్కడున్న కంప్యూటర్లది, ప్రింటర్లది, కెమెరాలది. ఒక్కోదానికీ ఒక నంబరుంటుంది. వరసపెట్టి ఒక్కో నంబరునూ 'ఉన్నావా?' అని అడుగుతాం. ఉన్నవి 'ఉన్నా' అంటాయి."

"పలకనివి?"

"గొడవంతా అక్కడే. మా హడావుడన్న ఏమంటాడంటే, పలకనిది లేనట్టేనంట. ఆ నంబర్లు ఖాళీ కాబట్టి కొత్త కెమెరాలకి ఇచ్చేద్దామంటాడు." హడావుడన్న అంటే దాని సీనియర్. మంచివాడే, కాలు ఒకచోట నిలవదు. "కానీ కొన్నిటికి ఫైర్‌వాల్ ఉంటుందత్తా. కాపలా అనుకో. తెలియనివాళ్ళెవరైనా ఉన్నావా అంటే నోరెత్తొద్దని చెప్పి పెడతారు. లోపల మనిషి ఉంటాడు, దీపం వెలుగుతుంటుంది, తలుపు మాత్రం తియ్యడు."

నేను తమ్ముడి వంక చూశాను. "అలాంటివాళ్ళు మనింట్లో కూడా ఉన్నారులే."

"నాకూ నాన్నే గుర్తొచ్చాడు! ఉన్నావా అంటే పలకడు. కంచం ఎత్తి ఇదెవరిది అంటే పలకాలి. వీటిక్కూడా అదే మందు. 'ఈ నంబరు ఎవరిది?' అని గదిలో అందరికీ వినపడేలా ఒక కేక వెయ్యాలి. ఎంత గట్టి ఫైర్‌వాల్ ఉన్నా సరే, ఆ నంబరు తనదైతే 'నాది' అనాల్సిందే. అనకపోతే దానికి ఏ కబురూ చేరదు. ఉండీ లేనట్టే."

"అయితే అలా అడగరాదూ?"

"ఆ కేక గోడ దాటదత్తా. అదే గదిలో ఉండి అడగాలి. నేనేమో పైన ఆఫీసులో కూర్చున్నా. కింద మెషీన్ గది వేరే. మధ్యలో ఒక పెట్టె ఉంది, అది ఈ కేకల్ని అటు పోనివ్వదు. 'ఉన్నావా' మాత్రం పోతుంది. అందుకని రేపు కిందికెళ్ళి, అక్కడే తీగ తగిలించి అడుగుతా."

"పలకనిదాని నంబరు ఇంకోదానికి ఇస్తే ఏమవుతుంది?"

ఈసారి ఒక్కో మాటా ఏరుకుని చెప్పింది. పిచ్చుక ఆలోచించి మాట్లాడిందంటే నాకు భయం.

"ఒక కంచం ఇద్దరికి చూపించినట్టవుతుంది. దానికి వెళ్ళాల్సింది దీనికి వెళ్తుంది. ప్రింటరైతే పోయేదేముంది, కాగితం రాదు. కానీ ఇక్కడ చల్లదనానికి అమ్మోనియా వాడతారత్తా. అది గొట్టాల్లో ఉన్నంతసేపు మంచిదే. కారితే మనిషి నిలవడు. కారుతోందేమో చూసే పెట్టె ఒకటి మెషీన్ గదిలో ఉంది. గేటు గదిలో బోర్డు మీద దాని లెక్క పచ్చగా కనబడుతోంది. నా హాజరులో మాత్రం అది లేదు."

"అదేంటి?"

"హడావుడన్న దానికి వేరే తీగ ఉంటుందంటాడు. ఉంటే మంచిదే. లేకపోతే, నేను ఖాళీ అన్న నంబర్లలో ఒకటి దానిది. నా నోటితో ఖాళీ అన్నాను కదా, చూడకుండా ఎట్లా? రేపు నేను చూసేదాకా ఏ నంబరూ ఎవరికీ ఇవ్వొద్దని చెప్పా. సరేలేవే అన్నాడు." గొంతు మార్చింది. "నాన్నా, ఉన్నావా?"

తమ్ముడు సూది కాగితంలో గుచ్చాడు.

"ఉన్నాడులే," అన్నాను.

"తెలుసు," అంది.

మర్నాడు ఉదయమంతా ఫోన్ రాలేదు. నేను రెండుసార్లు చేస్తే తియ్యలేదు. పనిలో ఉంటుందని నాకు నేనే చెప్పుకుని, అంట్లు తోమినవే మళ్ళీ తోమాను. వాన మబ్బు పట్టి ఇల్లంతా చీకటిగా ఉంది. తమ్ముడు ఎప్పుడూ లేనిది పనిబల్ల వదిలి వంటింటి గుమ్మంలో కూర్చుని అట్టలకు అంచులు చెక్కుతున్నాడు. ఫోన్ నా పక్కన ఉందని అక్కడ కూర్చున్నాడు. అడిగితే అక్కడ వెలుతురు బాగుందని చెప్పేవాడు, అక్కడా వెలుతురు లేదు.

భోజనాలకు కంచాలు పెడుతుంటే ఫోన్ మోగింది.

అవతల ఒకటే రొద. పిండి మర పక్కన నిలబడి మాట్లాడినట్టుంది.

"అత్తా! వినపడుతోందా? కంప్రెసర్ల పక్కనున్నా! గట్టిగా మాట్లాడు!"

"ఎందుకు తియ్యలేదే ఫోను?"

"పొద్దుట్నుంచీ గొడవ! హడావుడన్న నేను లేవకముందే నంబర్లన్నీ పంచేశాడు. నాలుగు కొత్త కెమెరాలు ఎక్కించేశారు. ఒకటి ఈ గదిలోనే, గొట్టాల పైన. చెప్పాను కదన్నా అంటే, ఏమైంది, అన్నీ పనిచేస్తున్నాయిగా అంటాడు. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు కిందికొచ్చి తీగ పెట్టా."

"ఒక్కదానివేనా?"

"మెషీన్ చూసే ఆయన టీకి వెళ్ళాడు. అబ్బా, కళ్ళు మండుతున్నాయత్తా. ఉల్లిపాయలు కోసినట్టుంది. అడిగితే ఇక్కడ ఎప్పుడూ కాస్త వాసనుంటుంది, అలవాటైపోతుంది అంటున్నారు."

"బయటికి రా మరి."

"వస్తా, ఒక్క కేక వేసి వస్తా. అదిగో, మొదలుపెట్టా. వరసగా పోతోంది. నాన్న ఉన్నాడా పక్కన?"

"ఇక్కడే."

"ఫోను దగ్గర పెట్టు. నాన్నా! అక్కడ కంచాలు పెట్టారా? అందులో అంచు సొట్టది ఉందే, అది ఎవరిది?"

తమ్ముడు నా చేతిలోని ఫోన్ వంక చూశాడు. చెక్కుడు కత్తి కింద పెట్టాడు. గొంతు సవరించుకుని, "నాది," అన్నాడు. తర్వాత, అలక ఉన్నప్పుడు ఎన్నడూ అననిది, ఇంకో మాట కూడా అన్నాడు. "నువ్వు తిన్నావా?"

ఆ రొదలోనే పిచ్చుక కిలకిలా నవ్వింది. "వచ్చింది! అత్తా, జవాబొచ్చింది! రెండు మాటలొచ్చాయి! ఈ రోజు గోడ మీద రాసి పెట్టు!" నవ్వుతూనే ఉంది. "ఆగాగు, ఇక్కడ కూడా ఒకటి వచ్చింది. నాది అంటోంది. ఇది కొత్త కెమెరా. అదే నంబరుకి..."

నవ్వు ఆగిపోయింది.

"ఏమైందే?"

"రెండొచ్చాయి. ఒకే నంబరు అడిగితే రెండు నాది అంటున్నాయి. ఒకటి కెమెరా. ఇంకోటి..." మాట నెమ్మదించింది, తనలో తను చదువుకుంటున్నట్టు. "ఇంకోటి ఆ గ్యాసు పెట్టె. అదే అయ్యుండాలి. తయారుచేసినవాళ్ళ గుర్తు ఉంటుందత్తా ఇందులో. వేరే తీగా లేదు, పాడూ లేదు. ఇక్కడే ఉంది ఇన్నాళ్ళూ. ఇదే నిన్న పలకలేదు."

"అయితే?"

"అయితే పొద్దుట్నుంచీ దాని మాట గేటు గదికి చేరట్లేదు. బోర్డు పచ్చగా ఉందని చూసే లోపలికి పంపారు నన్ను. అది పాత లెక్క. కొత్తది అందకపోతే పాతదే చూపిస్తూ కూర్చుంది." దగ్గింది. "అవతల గదుల్లో ప్యాకింగ్ వాళ్ళందరూ ఉన్నారు. అత్తా, ఆ కెమెరా తీగ పీకేస్తే చాలు, దీని నోరు దీనికొచ్చేస్తుంది. పీకేసి వస్తా. ఉండు, మళ్ళీ చేస్తా."

తమ్ముడు లేచి నిలబడ్డాడు. ఒళ్ళో అట్టలు చెల్లాచెదురుగా పడ్డాయి. "రమ్మను," అన్నాడు. "వద్దను. అక్కా, బయటికి రమ్మను దాన్ని." అతని గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. అప్పటికే ఫోన్ పెట్టేసింది.

మేము చేశాం. మోగింది. తియ్యలేదు. తమ్ముడు నా చేతిలోంచి ఫోన్ తీసుకుని అతనే చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. కంచాలు ఖాళీగానే ఉన్నాయి. బయట వాన మొదలైంది. అతను గోడకు ఆనుకుని నిలబడి చేస్తూనే ఉన్నాడు, ప్రతిసారీ మోగుతోంది, ప్రతిసారీ మోగినంతసేపూ నా వైపు చూస్తున్నాడు, నేనేదో చెప్తానన్నట్టు.

కబురు వచ్చి మేము బస్సెక్కి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. మొహం చూడొద్దన్నారు. తమ్ముడు చూశాడు. నన్ను చూడనివ్వలేదు. అక్కడే, ఆ ఊళ్ళోనే సాగనంపి వచ్చాం.

వారం పోయాక హడావుడన్న మా ఇంటికి వచ్చాడు. నీలం బ్యాగు తెచ్చాడు. ఇంత చిన్నవాడని నేను అనుకోలేదు. గడప లోపల కూర్చోమంటే కూర్చోకుండా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి చెప్పాడు.

గొట్టాల మధ్య ఒక వాల్వు పొద్దుట్నుంచే సన్నగా కారుతోందట. గ్యాసు పెట్టె పసిగట్టి చెప్తూనే ఉందట, వినాల్సిన చోటికి చేరలేదు. మెషీన్ గదిలో ఉండాల్సిన సైరన్ ఊరికే మోగుతోందని దాని తీగ ఎవరో ఎప్పుడో ఊడదీశారట. కెమెరా సరిగ్గా ఆ వాల్వు పైన ఉంది. పిచ్చుక స్టూలు జరుపుకుని ఎక్కి తీగ పీకింది. పీకిన కాసేపటికి గేటు గదిలో బోర్డు పచ్చదనం పోయి ఎర్రగా అయింది, హారన్ కొట్టింది. అవతల గదుల్లోంచి ప్యాకింగ్ వాళ్ళందరూ పరుగెత్తి బయటపడ్డారు. అప్పుడే వాల్వు పూర్తిగా విచ్చుకుంది. గేటు దగ్గర నిలబెట్టి ఎవరున్నారు ఎవరు లేరు అని చూస్తే, ఒక్కరు తక్కువయ్యారు.

"ఆ పిల్ల పీకకపోతే ఇంకెవరం మిగిలేవాళ్ళం కాదు," అన్నాడు.

"వద్దని నీకు ముందే చెప్పింది కదా బాబూ," అన్నాను.

"చెప్పిందమ్మా." గోడ వైపు తిరిగాడు. "పలకలేదు కదా, లేదనుకున్నా."

తమ్ముడు పనిబల్ల దగ్గర ఉన్నాడు. ఆ అబ్బాయి అతని దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "బాబాయిగారూ, తిట్టండి. కొట్టినా సరే. ఒక్క మాట అనండి." తమ్ముడు ఫారాలు తిరగేస్తున్నాడు, వరస సరిగ్గా ఉందో లేదో చూస్తున్నాడు. అబ్బాయి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నాకు దండం పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని వానలోకి దిగి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచీ నేను కంచం ఎత్తి అడగడం మానేశాను. అడక్కుండానే పెడతాను. తమ్ముడు తింటాడు, కొన్నిసార్లు తినడు.

బ్యాగు విప్పాను. స్వెట్టరు మడత విప్పకుండా అలాగే ఉంది. తీగల చుట్ట లేదు. పక్క అరలో మూత ఉంది, తీసి డబ్బాకి పెట్టాను. తమ్ముడు కుట్టిన పట్టీలో ఒక్క పోగు కదల్లేదు. బ్యాగును మళ్ళీ అటక మీద పెట్టాను.

వాళ్ళమ్మ ఆ బ్యాగుతో వెళ్ళి రాలేదు, అది పిచ్చుక బడిలో చేరిన ఏడు. నా మేనకోడలు పిచ్చుక ఈ ఏడు, వానలు మొదలైన వారంలో, బుధవారం వెళ్ళింది. గురువారం మధ్యాహ్నం, భోజనాల వేళ, చనిపోయింది. తిరిగి రాలేదు.